మట్టిలో కలిసిన పొర

"రేపు కమిటీకి చెక్క పొర చూపించాలత్తయ్యా" అని దీవెన అంటే, అమలమ్మ చెవికది "చెక్క, పూరీ" అని చేరింది. చేరడమే తడవు శనగపప్పు నానబోసింది. తెల్లారేసరికి కంకిపాడులోని ఆ ఇంట్లో నూనెలో చెక్కలు వేగాయి, పొయ్యి దగ్గర కోడలు వేగింది. అది పొరపాటని చెప్పబోతే, "పెద్దోళ్లొస్తుంటే ఉత్త చేతులతో పోతారటే?" అని అత్తగారు నోరు మూయించింది. భర్త జోయెల్ ఒక చెక్క కొరుకుతూ, "మంచిదేగా. ఫలహారాలు నువ్వు చూసుకో, మాట్లాడ్డం నేను చూసుకుంటా. నలుగురిలో నీకు గొంతు వణుకుద్ది" అన్నాడు. దీవెన గరిటెతో తర్వాతి వాయి తిరగేసింది.

ఇద్దరూ ఒకే కాలేజీలో లెక్చరర్లు. సరుగుడు కర్రను గుజ్జు చేసి, వడగట్టి, అద్దంలాంటి పొరగా ఆరబెట్టింది దీవెన. ప్లాస్టిక్‌కు బదులు దానిమీద రాగి గీతలతో సర్క్యూట్ వేస్తే మడిచినా విరగదు, ఫోన్లలోని వేగమైన సిగ్నళ్లను మోస్తుంది, పారేస్తే మట్టిలో కలుస్తుంది. గీతలు గీసింది జోయెల్. ఇద్దరి తలరాత కూడా అతనే రాసేశాడు: ప్రాజెక్టు పెద్దగా తన పేరొక్కటే. "మొగుడూపెళ్లాల్లో ఎవరి పేరైతే ఏంటే?" అన్నాడప్పుడు. ఇవాళ ప్రాజెక్టును పరీక్షించడానికొచ్చే కమిటీ సరేనంటే ఆ పేరే ఖాయం.

ల్యాబ్‌లో రెండు కుండీలు. ఒకదాంట్లో చెక్క పొరను, పోల్చడానికి రెండోదాంట్లో ప్లాస్టిక్‌ను వానాకాలంలో దీవెనే పాతింది. "తవ్వండి, చూద్దాం" అన్నారు కమిటీ పెద్ద శ్రీరామచంద్రమూర్తి గారు. జోయెల్ మొదటి కుండీ తవ్వాడు. మట్టి. ఇంకా తవ్వాడు. మట్టే. "సారీ అండీ, మా ఆవిడ పాతడం మర్చిపోయినట్టుంది. ఇంట్లోనూ అంతే, పాలు పొయ్యిమీద పెట్టి..." అందరూ నవ్వారు. రెండో కుండీలో చెక్కుచెదరని పొర దొరికింది. "ఇదిగోండి, మా చెక్క పొర!"

మూర్తిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మరి కలవలేదేంటండీ?"

జోయెల్ భార్య వైపు ఒరిగి, "ఏంటో నా చెవిలో చెప్పు, నేను చెప్తా" అని గొణిగాడు. ఇన్నేళ్లూ ఆమె చెప్పిందంతా ఆ చెవిలో పడి, ఆ నోట్లోంచే బయటికొచ్చింది.

దీవెన అతన్ని దాటి ముందుకొచ్చింది. మొదటి కుండీలోని మట్టిని తెల్లకాగితం మీద పోసి వేళ్లతో విడదీసింది. వెంట్రుకల్లాంటి రాగి గీతలు తళుక్కుమన్నాయి.

"ఆయన చేతిలో ఉన్నది ప్లాస్టికండీ. చెక్క పొర ఇందులో ఉండేది. అది కలిసిపోయింది, రాగి మిగిలింది" అంది, అందరికీ వినబడేలా. "పొర కనపడకపోతే పని అయినట్టేనండీ. మనిషి కనపడకపోతే అవదు. ఈ పొర చేసింది నేను. పేరు మార్చి రాసుకోండి."