మాట మార్చే ప్రశ్న

ఇంట్లో ఆడవాళ్ల మీద దెబ్బలు తగ్గాయని అధికారుల లెక్క. తగ్గింది స్టేషను దాకా వెళ్లిన ఫిర్యాదులే. అందుకే హిందూపురంలోని ఒక స్వచ్ఛంద సంస్థ సొంతంగా ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది. పెనుకొండ పూర్తయింది. ధర్మవరంలో మగ్గాల వీధి నిర్మల వంతుకు వచ్చింది.

ఆ పనికి ఒక గట్టి నియమం ఉంది. ఆడమనిషిని ఒంటరిగానే అడగాలి. మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చి నీళ్ల గురించి అడగాలి. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉంచాలి.

ఆ వీధిలో పట్టుచీరలు నేసే భారతి అంత వ్యవధి ఇవ్వలేదు. కొడతాడా అని అడిగీ అడగకముందే మొదలుపెట్టింది. ఆమెను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆమె వీపు వెనక, గడపలో, భర్త హరీష్ నిలబడ్డాడు.

"నీళ్లు యాడనుంచి తెచ్చుకుంటారమ్మా?" అంది నిర్మల చప్పున.

"నీళ్ల మాటెందుకులేక్కా. చెయ్యి రెండుసార్లు ఇరగ్గొట్నాడు. ఈ చెవి ఇంకా గుయ్యంటాండాది."

"చెవిలో నీళ్లెన్నుండాయో కూడా రాసుకో మేడం," అన్నాడు హరీష్ నవ్వుతూ.

జుట్టు పట్టి భారతిని మగ్గం మీదికి విసిరాడు. పట్టుపోగులు పటపటా తెగాయి. ఆమె నుదురు చిట్లి, సగం నేసిన చీర మీద నెత్తురు పడింది. చీర పాడుచేసిందని మళ్లీ తన్నాడు. నిర్మల అడ్డం పడింది. అతను అందుకున్న కర్ర ఆమె కుడి మోచేతి మీద దిగింది. లోపల ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. రెండో దెబ్బ భారతి పక్కటెముకలకు తగిలింది.

వంటింట్లోంచి అత్త రంగమ్మ వచ్చింది. కొడుకునే వెనకేసుకొస్తుందనుకుంది నిర్మల. ఆ ముసలామె మరిగే ఎసరు అతని కాళ్ల మీద కుమ్మరించింది. హరీష్ అరుస్తూ కూలబడ్డాడు.

"పొండి," అంది రంగమ్మ వాళ్లిద్దరితో. "వాళ్ల నాయన మీద పోసింటే ఈ పొద్దు వీని మీద పొయ్యాల్సిన పని లేకుండె."

వీధి చివర ఆటో నడిపే గంగప్ప ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. గుంతలన్నీ తప్పిస్తూ మెల్లగా నడిపాడు.

"నన్ను లెక్కలో ఏసుకుంటివా అక్కా?" అంది భారతి, పక్కటెముకలు పట్టుకుని.

"మధ్యలో ఆగింది కదమ్మా. అడిగింది చెల్లదు."

"అయితే ఈడే అడుగు."

"ఇంకో మనిషి ఉంటే అడక్కూడదు."

ఆసుపత్రి మెట్ల దగ్గర గంగప్ప ఆటో ఆపాడు. "స్ట్రెచర్ తీసుకొస్తా. అంతలోపల మాట్లాడుకోండమ్మా," అని దిగిపోయాడు.

నిర్మల ఎడమచేత్తో ఫోను తీసింది. మిగిలిన ప్రశ్నలన్నీ అడిగింది. భారతి తడుముకోకుండా చెప్పింది. చివరిది మిగిలింది.

"ఈ రాత్రికి తల దాచుకోను వేరే చోటుందా?"

"లేదక్కా."

నిర్మల 'లేదు' అని నొక్కి, ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"ఉండాది," అంది. "హిందూపురంలో మా ఇల్లు."