పదిహేడో నంబరు పిల్లలు

గాజు అలమరా తుడుస్తుంటే వంటింట్లోంచి నా భర్త ఎకార్డ్ అన్నాడు, "మధ్యాహ్నం సిల్కే వస్తోంది. ఆ బొమ్మలన్నీ కింది గదిలో పడెయ్. డెబ్భై రెండేళ్ళొచ్చాక ఈ బొమ్మలాటేమిటని నవ్వుతుంది."

మా అమ్మాయి సిల్కే నవ్వదు. ఎవరి మొహాలమ్మా ఇవి అని అడుగుతుంది. అదే నా భయం.

అరచెయ్యంత పింగాణీ పిల్లలు. బాతును ఎత్తుకున్న పాప, బూటు తొడుక్కుంటున్న బాబు. పాతసామాన్ల సంతలో ఒక్కొక్కటీ తిరగేసి, అడుగున 17 అని ఉంటేనే కొంటాను. తూర్పు జర్మనీ రోజుల్లో, మా ఊరి ఫ్యాక్టరీలో బొమ్మలకు మొహాలు దిద్దేవాళ్ళలో నా నంబరది. ఎందరి బుగ్గలకో గులాబీరంగు అద్దుతూ కూర్చునేదాన్ని. సిల్కే మాత్రం పిల్లల్ని వారమంతా ఉంచుకునే సర్కారు శిశుగృహంలో ఉండేది. సోమవారం పొద్దున్నే అప్పగిస్తే మళ్ళీ శనివారమే చేతికిచ్చేవారు. మొదటిసారి అప్పగించేనాటికి దానికి ఆరు వారాలు. పై అంతస్తులోనే ఉన్న అత్తగారు "నా పిల్లల్ని నేను పెంచుకున్నాను, ఇక నావల్ల కాదు" అంది. ఎకార్డ్ "అక్కడ నర్సులున్నారు, నీకంటే బాగా చూస్తారు. నాకూ కాస్త నిద్ర దక్కుతుంది" అన్నాడు. మరి నేను? పిల్ల బట్టలు సర్దాను. శనివారం ఎత్తుకోబోతే పిల్ల నర్సు వైపు తిరిగిపోయేది. ఆ కనుబొమలు ఎక్కడ మరిచిపోతానోనని వారమంతా బొమ్మలకు అవే గీసేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బొమ్మలు తియ్యలేదు. సిల్కే వచ్చి, కోటయినా విప్పకుండా అలమరా ముందు నిలబడింది. కానీ తను బొమ్మల గురించి అడగలేదు. సంచిలోంచి ఓ కాగితం తీసింది.

"శిశుగృహం పాత రికార్డులు తెప్పించుకున్నానమ్మా. నా బరువు, జ్వరాలు, అన్నీ రాశారు. చివర్లో 'నెమ్మదైన బిడ్డ' అని ఉంది."

ఎకార్డ్ కేకు కోస్తూ అందుకున్నాడు. "మరేమనుకున్నావు? నువ్వసలు ఏడ్చేదానివే కాదు."

"నిజమేనా అమ్మా?"

యాభై ఏళ్ళుగా ఆ మాటకు తల ఊపుతూనే ఉన్నాను. ఈసారి కుర్చీ లాక్కుని సిల్కేకి ఎదురుగా కూర్చున్నాను.

"మొదట్లో గుక్కపట్టి ఏడ్చేదానివి. గేటు దాటినా వినపడేది. నాలుగో నెలలో మానేశావు. మానేశావని మేం సంతోషించాం."