వెర్బుకి తొడిమ

వెంకటరావమ్మకు ఇంగ్లీషంటే భయం లేదు. వెర్బు చివర వచ్చే ఆ ‘ఎస్సు’ అంటేనే ఒళ్లు మంట. దాని పుణ్యమా అని పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఎనభై ఆరులో ఊరికి బాల్వాడీ వచ్చింది. టీచరు ఉద్యోగానికి ఒంగోలు నుంచి ఆఫీసరమ్మ వచ్చి, ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తుందన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే ఆమెకు మళ్లీ మిరప కోతలే గతి.

పాఠం చెప్పింది చర్చి బడి టీచరు ఎలీసమ్మ. అదీ మిరప కల్లంలో, ఎండుకాయల ముందు కూర్చుని.

“చూడవే, పనిచేసేది నువ్వూ నేనూ కాక వేరే ఒక్క మనిషైతే వెర్బుకి ఎస్సు ఉంచు, తొడిమలాగా. గుంపైతే తుంచెయ్. ముందు మనిషి, అంటే సబ్జెక్టు, తర్వాతే పని. మనిషి లేకుండా పని చెప్పావో, వీపు పగులుద్ది!”

వెంకటరావమ్మ తుమ్ముకుంటూనే నేర్చుకుంది. మొగుడు బుల్లయ్య ఊరుకుంటేగా!

“ఏమేవ్, నీ ఇంగ్లీషుకి మన ఎద్దులు కుడితి తాగటం మానేశాయి” అని రోజూ ఏడిపించేవాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి తనే సైకిలు మీద పంచాయతీ ఆఫీసుకి తీసుకొచ్చి, కిటికీ పక్కన నిలబడ్డాడు.

“మీ ఆయన పేరు చెప్పి, రోజూ ఏం చేస్తాడో ఇంగ్లీషులో చెప్పమ్మా” అంది ఆఫీసరమ్మ.

‘గోస్ టు ఫీల్డ్’ నాలిక చివర సిద్ధంగా ఉంది, తొడిమతో సహా. ముందు మనిషి రావాలి. అక్కడే వచ్చింది చిక్కు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా మొగుడి పేరు ఆమె నోటివెంట రాలేదు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్తగారి మాట. రేషను కార్డు రాయించినప్పుడు కూడా ఆడపడుచు చేతే చెప్పించింది.

“ఆ మాత్రం కూడా రాదా?” ఆఫీసరమ్మ పెన్ను కాగితం మీదికి దిగుతోంది. వెంకటరావమ్మకు ఏడుపొచ్చేసింది. ఉద్యోగం పోయినట్టే.

కిటికీలోంచి ఒక్క పొలికేక: “బుల్లయ్య!”

“గోస్ టు ఫీల్డ్!” అంది వెంకటరావమ్మ, ఊపిరి పీల్చుకోకుండా.

ఆఫీసరమ్మ ఉలిక్కిపడి అటు తిరిగింది. తలగుడ్డ తీసి చేత పట్టుకుని, పళ్లికిలిస్తూ ఒక మనిషి.

“ఎవరమ్మా అతను?”

వెంకటరావమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

“సబ్జెక్టండీ.”

సోమవారం నుంచి బాల్వాడీ తాళంచెవి ఆమె కొంగునే ఉంది.