నీళ్ళు కుదురుకునేదాకా

చిటికెడు మేత తీసి గాజుతొట్టిలో చల్లింది చలవమ్మ. ఎర్రటి పొడి నీళ్ళ మీద కాసేపు తేలి, తడిసి బరువెక్కి, ఒక్కొక్క రేణువే కిందికి దిగింది. నోరు తెరిచి అందుకోవడానికి తొట్టిలో ఒక్క చేప కూడా లేదు. అడుగున గులకరాళ్ళు, రెండు నీటిమొక్కలు, మూలన గుడగుడమంటూ చిన్న మోటారు, దాని గొట్టానికి తొడిగిన నల్లటి స్పాంజి ముక్క. అంతే.

మెట్లు దిగుతున్న మేడమీదావిడ తెరిచిన తలుపులోంచి తొంగిచూసింది. "ఇవాళ్టి వడ్డన అయిందా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ అక్కాతమ్ముళ్ళ యవ్వారం."

"తినేవాళ్ళు దారిలో ఉన్నారులే," అంది చలవమ్మ, డబ్బా మూత బిగిస్తూ.

"ఎద్దుబండిలో వస్తున్నారా ఏం?" అని నవ్వుకుంటూ దిగిపోయింది ఆవిడ.

చలవమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆసుపత్రి లాండ్రీలో ఆమె చేతుల మీదుగా వెళ్ళిన దుప్పటి చలవకి ఫెళఫెళలాడుతుందని ఎవరో అన్నారు, అదే నిలిచిపోయింది. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. సబ్బునీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు ముడుచుకుని తెల్లబడ్డాయి. ముఖం కంటే చేతులే ముందు ముసలివయ్యాయి.

గడప దగ్గర తమ్ముడు చెప్పులు తొడుక్కుంటున్నాడు. నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో పని వాడికి. "సాయంత్రం నీళ్ళు పరీక్ష చేద్దాం అక్కా. ఈసారి కుదురుకున్నట్టే ఉన్నాయి," అన్నాడు. అంటూ ఆమె ముఖం వంక కాకుండా స్పాంజి వంక చూశాడు.

"షాపుకి ఆలస్యమవుతోంది, ఫో."

ఆ తొట్టి వాడు కొన్నది ఆమె కోసమే. నలభై దాటాక వాడికి పెళ్ళయింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, వచ్చినవాళ్ళకి టీ. పెళ్ళికూతురు వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపు నడుపుకుంటోంది. మంచం దిగలేని తల్లి ఉంది. ఆ షాపునీ ఆ తల్లినీ వదిలి ఆమె రాలేదు కాబట్టి వీడే వెళ్ళాలి. "నువ్వూ వచ్చెయ్ అక్కా," అన్నాడు. "ఇల్లరికపుటల్లుణ్ణి విన్నాను గానీ ఇల్లరికపు ఆడపడుచుని ఎక్కడా వినలేదురా," అని నవ్వేసింది చలవమ్మ. వాడు నవ్వలేదు. వారం తిరక్కుండా ఈ గాజుతొట్టిని భుజాన మోసుకొచ్చి కిటికీ పక్కన పెట్టాడు.

"నిన్ను ఖాళీ ఇంట్లో వదిలిపోను. ఇందులో చేపలు దిగాకే నేను బస్సెక్కేది."

నీకు బదులు చేపలట్రా, అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. "మంచిదే, కూరలో ఉప్పెక్కువైందని వంకలు పెట్టవు," అంది.

తీరా చూస్తే కొత్తనీళ్ళలో చేపల్ని వెయ్యకూడదట. వేస్తే చస్తాయట. ముందు ఒట్టి నీళ్ళకే రోజూ మేత వెయ్యాలి. అది కుళ్ళి విషం పుడుతుంది. ఆ విషాన్ని తినే కంటికానని పురుగులేవో పుట్టి, పెరిగి, కాపురం పెట్టాలి. అప్పుడు నీళ్ళు కుదురుకున్నట్టు. తొందరగా కుదురుకోవాలంటే పాత తొట్టిలో నానిన స్పాంజి ముక్క తెచ్చి పెట్టాలట, ఆ పురుగుల పుట్టిల్లు అదే. చేపల షాపాయన తన తొట్టిలోంచి ఒక ముక్క కోసి ఇచ్చాడు. నల్లగా, జిగటగా, బురదకంపు కొడుతూ.

ఎవరైనా కొత్త సామాను అంత మురికిగా ఇస్తారా అని చలవమ్మకి ఒళ్ళు మండింది. తమ్ముడు ఇంట్లో లేనప్పుడు దాన్ని ఊడదీసి, సబ్బు పెట్టి, పిండి, జాడించి, మల్లెపువ్వులా చేసి మళ్ళీ తగిలించింది. వాడొచ్చి చూసి నేల మీద చతికిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఆ పురుగుల ఊరంతటినీ చంపేశావు కదే అక్కా!" నీళ్ళన్నీ తోడిపోసి, షాపాయన్ని బతిమాలి ఇంకో ముక్క తెచ్చాడు. ప్రయాణం వెనక్కి పోయింది.

అది తెలియక చేసింది. రెండోసారి తెలిసే చేసింది.

ఒక సాయంత్రం నీళ్ళు పరీక్షించే గాజుగొట్టాల్లో రంగు కాస్త కుదురుతోందని వాడు ఫోనులో భార్యకి చెబుతుంటే విన్నది. మర్నాడు వాడు షాపుకెళ్ళాక స్పాంజిని కుళాయి కింద పట్టింది. సబ్బు పెట్టలేదు. కుళాయి నీళ్ళలో బ్లీచింగు ఉంటుందనీ, బ్లీచింగు ఏం చేస్తుందనీ లాండ్రీమనిషికి ఒకరు చెప్పాలా? గోధుమరంగు నీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా పట్టుకుని నిలబడింది. వాడు ఆ రాత్రి తొట్టి ముందు కాసేపు కూర్చున్నాడు. తర్వాత ఒకరోజు మూడో ముక్క తెచ్చి తొడిగాడు.

ఇవాళ ఉన్నది ఆ మూడోది.

లాండ్రీలో రెండు తలుపులు. మురికి ఒకదాంట్లోంచి వస్తుంది, చలవ చేసింది రెండోదాంట్లోంచి వెళ్తుంది. మధ్యలో ఇన్నేళ్ళుగా చలవమ్మ. రక్తం మరక మీద వేడినీళ్ళు పోస్తే పట్టేసుకుంటుంది, చన్నీళ్ళు పోస్తే వదులుతుంది. ఆ సంగతి ఆమె పనిలో చేరిన కొత్తలో నేర్చుకుంది, అప్పుడు తమ్ముడు బట్టల గంపల పక్కనే గుడ్డల మీద పడి నిద్రపోయేవాడు. వాడు ఉయ్యాల దిగకముందే తల్లి పోయింది, తండ్రి అంతకు ముందే పోయాడు. ఒకాయన చలవమ్మని పెళ్ళికోసం చూసుకోవడానికి రెండుసార్లు వచ్చాడు. వాడికి నడక వచ్చాక చూద్దామంది. తర్వాత వాడి బడి అంది. ఆయన మూడోసారి రాలేదు.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. అవతలి కొస, లాండ్రీలో అందరూ "రేడియో" అనే ఆవిడ పట్టుకుంది. పుట్టినప్పటినుంచీ ఆపకుండా మాట్లాడే మనిషి. ఇద్దరూ దగ్గరకొచ్చి కొసలు కలిపారు, వెనక్కి జరిగారు, మళ్ళీ దగ్గరకొచ్చారు.

"నీ తమ్ముడింకా కదల్లేదా? కొత్త పెళ్ళికొడుక్కి చేపలేంటే, చోద్యం కాకపోతే. నేనైతే పట్టుకుని వేపుకు తిని బస్సెక్కేదాన్ని."

"నిన్ను చేసుకున్నాయన అందుకే రైలెక్కి పారిపోయాడు."

రేడియో పడీపడీ నవ్వింది. చలవమ్మ నవ్వలేదు. ఇంట్లో దుప్పటికి అవతలి కొస ఇన్నాళ్ళూ వాడే పట్టుకున్నాడు. మునివేళ్ళ మీద నిలబడినా చేతులు అందని రోజుల నుంచీ. రేపటినుంచి ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టుకుని మడుచుకోవాలి కాబోలు.

అన్నాల వేళ ఫోను మోగింది. తమ్ముడి భార్య.

"వదినగారూ, భోంచేశారా?"

"ఆ, ఇప్పుడే. అమ్మకెలా ఉంది?"

"అలాగే ఉందండీ. అల్లుడెప్పుడొస్తాడని రోజూ అడుగుతుంది. నీళ్ళు కుదరగానే అంటాను. ఏం నీళ్ళే అవి, సముద్రమా అంటుంది." నవ్వి, గొంతు తగ్గించి అడిగింది. "నీళ్ళకెలా ఉంది వదినగారూ?"

జ్వరం తగిలిన బిడ్డ గురించి అడిగినట్టుంది ఆ అడగడం. దెప్పుతోందేమోనని చలవమ్మ ఫోను చెవికి నొక్కిపట్టి విన్నది. దెప్పు ఎక్కడా లేదు. ఉంటే బాగుండేది, తనూ ఒక మాట అనేది.

"కుదురుకుంటున్నాయమ్మా," అంది.

"తొందరేం లేదండీ. మీకు తోడు కుదిరాకే రమ్మని నేనూ చెప్పాను. నా దగ్గర అమ్మయినా ఉంది కదా."

చలవమ్మ ఫోను పెట్టేసి, తిన్న డబ్బాని రెండుసార్లు కడిగింది.

ఇంటికొచ్చేసరికి తమ్ముడింకా రాలేదు. రెండు గదుల్లోనూ మోటారు గుడగుడ ఒక్కటే వినబడుతోంది. చెంగు దోపుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. స్పాంజి ఊడి చేతిలోకి వచ్చింది. మోచేతి మీదుగా నల్లనీళ్ళు కారాయి. కుళాయి దగ్గరకు తీసుకెళ్ళింది. ఎడమచెయ్యి కుళాయి మీదకు దానంతటదే వెళ్ళింది.

ఒక్క తిప్పు. ఇంకొన్నాళ్ళు వాడు ఈ గడపలో చెప్పులు విప్పుతాడు. షాపాయన నాలుగో ముక్క ఇస్తాడు. మంచంలో ఉన్న ముసలామె ఏం నీళ్ళే అవి అని మళ్ళీ అడుగుతుంది. కూతురు ఓపిగ్గా మళ్ళీ చెబుతుంది.

స్పాంజిని ముక్కు దగ్గర పెట్టుకుంది. బురదకంపు పోయింది. తడిమట్టి వాసన. ఎవరో కాపురం ఉన్న ఇంటి వాసన.

కుళాయి మీది చెయ్యి తీసేసింది. స్పాంజిని తొట్టిలో యథాప్రకారం తొడిగి, చేతులు చెంగుకే తుడుచుకుంది. కడుక్కోలేదు.

తమ్ముడొచ్చి రెండు గాజుగొట్టాల్లో తొట్టి నీళ్ళు పట్టి మందుచుక్కలు వేశాడు. కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకున్నాడు. ఒకటి పసుపుగానే ఉండిపోయింది. రెండోది లేతనీలంగా తేలింది. విషం ఉంటే వచ్చే ఆకుపచ్చా రాలేదు, ఊదా రాలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"కుదిరాయి," అన్నాడు చివరికి. ఆ గొంతులో సంతోషం ఉందో లేదో ఆమెకి అంతుపట్టలేదు.

"మరింకేం, షాపు మూసేలోగా వెళ్ళి తీసుకురా."

బ్లీచింగు పోవాలని నిన్నటినుంచి నిలవబెట్టిన బకెట్టు నీళ్ళతో తొట్టిలో సగం నీళ్ళు మార్చి, వాడు చేపలకోసం వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చేతిలో ఉబ్బిన ప్లాస్టిక్ సంచీ, మూతికి రబ్బరుబ్యాండు, లోపల వేలెడంత లేని చేపలు. గడపలో ఆగిపోయాడు. వాడి పెట్టె తలుపు పక్కన నిలబెట్టి ఉంది. చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి సర్దేసింది చలవమ్మ.

"ఏంటక్కా, గెంటేస్తున్నావా?"

"సాయంత్రం బస్సు నీకోసం ఆగుతుందా?"

వాడు సంచీని అలాగే తొట్టిలో తేలవేశాడు. "దీన్ని వెంటనే విప్పకూడదు. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ ఒక వేడికి రావాలి. అవి దిగాక, రేపు పొద్దున వెళ్తాలే."

"రేపైతే నేను మళ్ళీ ఏదో ఒకటి ఉతుకుతాను," అంది చలవమ్మ.

మోటారు గుడగుడలాడుతోంది. సంచీ మెల్లగా తిరుగుతూ తొట్టి అంచుకి తగిలి వెనక్కి మళ్ళింది.

"నాకు తెలుసు," అన్నాడు వాడు.

"తెలిసి మళ్ళీ మూడోది ఎందుకు తెచ్చావురా?"

"తేకపోతే నీకు తెలిసిపోతుంది కదా, నాకు తెలుసని." సంచీని వేలితో మెల్లగా తిప్పుతూ, "నాకు మాత్రం తొందరేముందక్కా," అన్నాడు.

ఇద్దరూ తొట్టినే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఆమె పెట్టె ఎత్తి వాడి చేతికిచ్చింది. చిన్నప్పుడు బడిసంచీ ఇచ్చినట్టే, ఇచ్చి చొక్కా కాలరు సరిచేసింది.

"మీ ఆవిడకి చెప్పు, నీళ్ళు బాగున్నాయని."

వాడు తలూపాడు. మెట్లమీద మేడమీదావిడ ఏదో అడగడం, వాడు ఏదో చెప్పడం వినిపించింది. తర్వాత వీధిలో మామూలు చప్పుళ్ళు. చలవమ్మ వాకిట్లోకి వెళ్ళలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది, సంచీని తాకి చూసింది. రెండూ ఒకేలా తగిలాక రబ్బరుబ్యాండు తీసింది.

చేపలు వెంటనే బయటకు రాలేదు. సంచీ మూతి దగ్గర గుంపుగా ఆగి చూశాయి. ఆమె తొందరపెట్టలేదు. ఒకటి ముందుకొచ్చింది. తర్వాత అన్నీ ఒక్కసారే వచ్చి, నీటిమొక్క వెనక్కి పోయి దాక్కున్నాయి.

ఖాళీ సంచీని పంపు కింద కడిగి, పెరటి తాడుమీద మూతి అంచుకి క్లిప్పు పెట్టింది. అలవాటు. పొద్దువాలే వేళకి గాలి తోలింది. సంచీ నోరు తెరుచుకుని నిండుగా ఉబ్బింది, అడుగున మిగిలిన ఒక్క నీటిచుక్క అటూ ఇటూ దొర్లుతూ.