పెద్దమామ పెట్టని సంతకం

పాలకంకి మీదున్న వరి చేను. ఇంకో ఇరవై రోజులు ఆగితే కోతకు వచ్చేది. మట్టి తవ్వే యంత్రం ఆగలేదు. గట్టు కూలదోసి చేలోకి దిగింది. మేస్త్రమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి సగం మడి బురదలో కలిసిపోయింది.

ఆ చేను ఆమెది కాదు. ఆమెకు సెంటు భూమి లేదు. నలభై మంది కూలీలకు పెద్ద కనుక అందరూ మేస్త్రమ్మ అంటారు. కానీ అక్కడి ప్రతి దుబ్బూ వాళ్లు నడుం వంచి నాటిందే.

"కోత అయ్యేదాకా ఆగలేరా? తినే గింజరా అది!" అంటూ యంత్రానికి అడ్డం వెళ్లింది.

"ఇది పొలం కాదు, ప్లాట్లు. ఆసామి అమ్మేశాడు. మధ్యలో నీకేంటి నొప్పి?" అన్నాడు కాంట్రాక్టరు.

ఆమె నలిగిన కంకి ఒకటి తీసి చిదిమింది. వేళ్లకు తెల్లటి పాలు అంటుకున్నాయి.

ఆ సాయంత్రం ధాన్యం గోదాములో ఊరంతా చేరింది. ఇంకా అమ్మని పదకొండు మంది రైతులు బస్తాల మీద, కూలీలు గుమ్మం బయట. పెద్దమామ లేచాడు. మేస్త్రమ్మకు వరసకు మామ. అన్ని చేల మధ్యలో ఉన్న ఆయన చేను మీదే కాంట్రాక్టరు కన్నంతా. అది దక్కకపోతే ప్లాట్లకు రోడ్డు పడదు.

"చట్టంలో ఒక దారి ఉందట. భూమి మన పేరు మీదే ఉంటుంది. సేద్యానికి తప్ప దేనికీ వాడబోమని మనంతట మనమే రాసి రిజిస్టరు చేయిస్తే, రేపు ఎవరు కొన్నా దున్నుకోవాల్సిందే. ప్లాట్లు వేయడానికి లేదు."

"అంటే మా చేతులు కూడా కట్టేస్తావా నాన్నా?" అన్నాడు లారీ నడిపే ఆయన కొడుకు.

గుమ్మం బయట మేస్త్రమ్మ గొంతు లేచింది. "మీ భూమి మీకు మిగులుతుంది, సరే. దాన్ని బీడు పెట్టుకుంటే మేమేం తినాలి? మా సంగతి కూడా రాయండి."

"కూలోళ్ల సంగతి కాగితంలో ఎందుకు?" ఒక రైతు విసుక్కున్నాడు.

"ఎందుకా? పొద్దున యంత్రానికి అడ్డం పోయింది ఎవరు? మీలో ఒక్కరైనా వచ్చారా?"

పెద్దమామ తల దించుకున్నాడు. తర్వాత ఆయనే దగ్గరుండి రాయించాడు: చేను బీడు పెట్టకూడదు, ఆసామి దున్నకపోతే ఊరి కూలీలకే కౌలుకివ్వాలి.

రిజిస్ట్రారు ఆఫీసులో మాత్రం పని జరగలేదు. మిషను చెడిందన్నారు. ఇలాంటి కాగితం ఎప్పుడూ చూడలేదన్నారు. రేపు రమ్మన్నారు. మూడు రోజులు కాళ్లరిగేలా తిప్పారు. నాలుగో రోజు ఎండలో నిలబడి నిలబడి పెద్దమామ వరండా బల్ల మీద కూలబడ్డాడు.

"కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా."

మేస్త్రమ్మ నీళ్లు తెచ్చేసరికి ఆయన తల పక్కకు వాలిపోయి ఉంది. కాగితం ఒళ్లో ఉంది. దాని మీద సంతకం లేదు.

పరామర్శకని కాంట్రాక్టరు పెద్దమామ ఇంటికొచ్చాడు. కొడుకు భుజం మీద చేయి వేసి చాలాసేపు మాట్లాడి వెళ్లాడు.

"వదినా, నాకు సేద్యం చేతకాదు. అమ్మేస్తే తప్పేంటి?" అన్నాడు కొడుకు మేస్త్రమ్మతో.

ఆమెకు తిట్టు నోటిదాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిన అతని మొహం చూసి మింగేసింది.

"నీకు చేతకాకపోతే మాకివ్వు. మా నలభై మందికి చేతనవును. మీ నాన్న రాయించిందే కదా. బలవంతం లేదయ్యా, నీ ఇష్టం."

మర్నాడు ఊరు ఊరంతా ఆఫీసుకు కదిలింది. కొడుకు అందరికంటే వెనక వచ్చి నిలబడ్డాడు. "రేపు రండి" అన్నాడు అధికారి. ఈసారి ఎవరూ కదల్లేదు. రైతులూ కూలీలూ మెట్ల మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి మేస్త్రమ్మను రెక్క పట్టి లాగారు. అది చూసి జనం ఒక్కసారిగా లోపలికి పోటెత్తారు. అధికారి రిజిస్టరు తెరవక తప్పలేదు. ఆమెను వ్యానులోకి తోస్తుండగా ఆఫీసు కిటికీలోంచి ఎవరో అరిచారు:

"పడింది! మొదటి సంతకం మామ కొడుకుదే!"

వ్యాను కదిలాక ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"గెలిచారుగా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు పక్కనున్న పోలీసు.

"చూడాల్సిన మనిషి లేడు బాబూ."

రెండు రోజులకు పక్క ఊరి రైతులు లాకప్‌ దగ్గరికి వచ్చారు. వాళ్ల చేలల్లోనూ ప్లాట్ల రాళ్లు పాతుతున్నారట.

"ఆ కాగితం ఎలా రాయాలో చెప్పమ్మా."

ఆమె ఊచలు పట్టుకుని లేచింది. వాళ్ల వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"మీ కూలీలేరీ?"

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"పోయి పిలుచుకు రండి. వాళ్లొచ్చాకే చెబుతాను."