మూడు ఒకటో పేజీలు

క్రిస్టినా మన చర్చి పుస్తకంలో ఒకటో పేజీలు మూడు పెట్టిందంట, ఇంటికొకటి లెక్కన, అని పంపు దగ్గర విక్టోరియా అందని మా వదిన వచ్చి చెప్పింది. విక్టోరియా నోట పడ్డ మాట చెరువులో వేసిన చేపపిల్ల లాంటిది. మన దగ్గరికొచ్చేసరికి బరువు పెరిగి ఉంటుంది. అందుకని నేను నమ్మలేదు.

"ఒక పుస్తకానికి ఒకటో పేజీలు మూడెలా ఉంటాయి వదినా?"

"నేనూ అదే అడిగాను. కంప్యూటర్లో పడతాయంట."

తీరా చూస్తే నిజమే.

మా లంకలో ఒకటో పేజీ అంటే చిన్న సంగతి కాదు. కొల్లేరు నీళ్ళు తీసిన వేసవుల్లో ఊరు ఊరంతా తట్టలతో మట్టి మోసి, మెరక చేసి, దాని మీద కట్టుకున్న చర్చి ఇది. ఆ మెరకకి మొదటి తట్ట ఎవరు పోశారన్నది ఇప్పటికీ తేలలేదు. "మా తాత" అంటాడు సంఘపెద్ద తోమా. "మా ముత్తాత" అంటాడు ప్రసాదరావు. "మా అమ్మ" అంటుంది యేసమ్మ. మొదటి తట్ట పోసినవాళ్ళ కథే పుస్తకంలో ఒకటో పేజీ కావాలని ముగ్గురిదీ ఒకటే పట్టు. చర్చికి డెబ్బై అయిదేళ్ళు నిండినప్పుడు వేద్దామనుకున్న పుస్తకం ఈ తగువులోనే ఆగిపోయింది. ఏలూరు నుంచి తెచ్చిన కాగితం అంతా చెదలు తిన్నాయి.

ఇప్పుడు నూరో ఏడు. యేసమ్మకి తొంభై దగ్గర పడ్డాయి. మెరక పోసినవాళ్ళని కళ్ళారా చూసి, వాళ్ళ చేతి ముద్ద తిన్న మనిషి ఇంకెవరూ మిగల్లేదు. ఆవిడ ఉండగానే ఆ పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాలని క్రిస్టినా పంతం. క్రిస్టినాది ఈ ఊరే, తాడేపల్లిగూడెం కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. సోమవారానికి ఫైలు కావాలని ప్రెస్సువాళ్ళు అన్నారని శనివారం మధ్యాహ్నానికే దిగింది.

టైపు చేసింది తోమా. ముదినేపల్లిలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఓపికకి లోటు లేదు. క్రిస్టినా ఫైలు తెరిచి కాసేపు కిందికీ పైకీ తిప్పింది.

"పెదనాన్నగారూ, ఈ పద్దెనిమిది ఏంటండీ, ఫోటోలో పెళ్ళికూతురి నెత్తి మీద కూర్చుంది?"

"అది పేజీ నంబరమ్మా. నేను అడుగునే పెట్టాను. తర్వాత పాస్టరుగారు సందేశం పొడుగు చేశారు. అన్నీ జారిపోయినాయి."

"చేత్తో కొట్టారా?"

"ప్రతి పేజీకీ. ఎంటరు కొట్టుకుంటూ అడుక్కి దిగి, అంకె వేసి, మళ్ళీ పైకొచ్చి." కొంచెం గర్వంగానే చెప్పాడు.

క్రిస్టినా నవ్వలేదు. "మీరు నంబరు నీళ్ళలో వేశారండి. నీళ్ళు పెరిగితే కొట్టుకుపోదా మరి? గట్టు మీద పెట్టాలి. ఇదిగో, ప్రతి పేజీకీ అడుగున ఈ జాగా ఉంటుంది, ఫుటర్ అంటారు. పైన మాటలు ఎంత పెరిగినా ఇది కదలదు." ఆయన కొట్టిన అంకెలన్నీ చెరిపేసి, ఇన్సర్ట్‌లోకి వెళ్ళి పేజ్ నంబర్ నొక్కి, అడుగున పెట్టమంది. నొక్కింది ఒక్కసారే. పుస్తకమంతా అంకెలు పడ్డాయి.

తోమా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మధ్యలో ఒక పేజీ తీసేస్తేనో?"

తీసి చూపించింది. వెనకవన్నీ ఒక్కో అంకె తగ్గాయి. మళ్ళీ పెట్టించాడు. పెరిగాయి. ఇంకోసారి తీయించాడు. "లెక్క ఎవరు చేస్తున్నట్టమ్మా?" అన్నాడు, తెర వెనకాల ఎవరో ఉన్నట్టు.

అంతా బాగానే ఉంది గానీ అట్టకి ఒకటి పడింది. శిలువ బొమ్మ కింద ఒకటి. డిఫరెంట్ ఫస్ట్ పేజ్ అన్నచోట టిక్కు పెడితే అది పోయింది. తర్వాత సందేశాలు. వాటికి రోమన్ అంకెలు వెయ్యాలి, అసలు కథలు మొదలయ్యేచోట మళ్ళీ ఒకటి రావాలి.

"ఇక్కడ సెక్షన్ బ్రేక్ కొట్టాలండి. చెరువుకి మధ్యన అడ్డగట్టు వేసినట్టు. అయితే గట్టుకి ఒక తూము ఉంటుంది, లింక్ టు ప్రీవియస్ అని. అది మూయకపోతే ఇటు మార్చింది అటు కూడా పోతుంది." తూము మూసింది. స్టార్ట్ ఎట్ దగ్గర ఒకటి వేసింది. తోమా వాళ్ళ తాత ఫోటో కింద ఒకటి వచ్చి నిలబడింది.

తోమా మిగతా రెండిళ్ళ ఫోటోల దాకా కిందికి తిప్పించాడు.

"అడ్డగట్టు ఒక్కటే వెయ్యాలా, ఎన్నయినా వెయ్యొచ్చా?"

"ఎన్నయినా వెయ్యొచ్చండి."

"గట్టు దాటినప్పుడల్లా ఒకటి నుంచి మొదలెట్టుకోవచ్చా?"

మౌస్ మీద క్రిస్టినా చెయ్యి ఆగిపోయింది. ఆవిడ చదివిన చదువులో ఇది తప్పు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఇలా చేస్తే మార్కులు కోస్తుంది. కానీ ప్రసాదరావు వాళ్ళ ముత్తాత ముందొక గట్టు వేసింది, ఒకటి వచ్చింది. యేసమ్మ వాళ్ళమ్మ ముందొక గట్టు వేసింది, అక్కడా వచ్చింది. టీ తెచ్చిన విక్టోరియా గ్లాసులు పట్టుకునే నిలబడి ఇదంతా చూసింది. ఆ తర్వాత పంపు దగ్గర ఏమైందో మీకు తెలుసు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బల్ల వేసి లాప్‌టాప్ పెట్టారు. జనం మూగారు. ముందుగా విషయసూచిక చూపించింది. మూడు ఇళ్ళ పేర్లు, మూడింటి ఎదురుగా ఒకటి, ఒకటి, ఒకటి.

"ప్రైవేటు స్కూల్లో ర్యాంకుల్లాగుందే," అంది గుంపులోంచి సూరమ్మ. "అందరూ ఫస్టే." అందరూ నవ్వారు.

ప్రసాదరావు వంగి మరీ చూశాడు. "మాది ఒకటే కదమ్మా? రేపు అచ్చులో రెండు, మూడు అయిపోదు కదా?"

"అవదండి. గట్టిగా కట్టాను."

"అయితే పంపించెయ్. పాతికేళ్ళు కొట్టుకు చచ్చాం, ఇంత సులువని తెలీక."

క్రిస్టినా మొహం విప్పారింది. ప్రెస్సువాళ్ళకి పంపడానికి మెయిల్ కూడా తెరిచింది. అప్పుడు బెంచీ మీంచి యేసమ్మ, "ఏదమ్మా, అట్ట కాణ్ణించి తిప్పు, చూస్తాను," అంది.

క్రిస్టినా లాప్‌టాప్ తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టి తిప్పింది. అట్ట వెళ్ళింది. సందేశాలు వెళ్ళాయి. తోమా వాళ్ళ తాత వచ్చాడు, తలపాగాతో. ఆయన కథ అయ్యాక ప్రసాదరావు వాళ్ళ ముత్తాత. ఆయనా అయ్యాక యేసమ్మ వాళ్ళమ్మ, నడుముకి కొంగు బిగించి. తోమా టైపు చేసిన వరస అదే. దాన్ని ఎవరూ కదపలేదు, కదపాలని ఎవరికీ తోచలేదు.

"అచ్చులోనూ ఇదే వరసా?"

"ఇదేనండి మామ్మగారూ. కానీ మీ అమ్మగారిదీ ఒకటో పేజీయేనండి. ఇదిగో అంకె."

"అంకె కనపడుతుందిలే."

తోమా కల్పించుకున్నాడు. "ఒకటంటే ఒకటే కదా పిన్నీ. ముందుంటే ఏంటి, వెనకుంటే ఏంటి?"

"అయితే మీ తాతని వెనక్కి పెట్టు, తోమా."