తీరిక మొక్కు

చీర పార్సిల్‌లో పెట్టేటప్పుడు జరీ అంచు లోపలికి మడవాలి. లేకపోతే దారిలో నలిగిపోతుంది. మా ఇంట్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు, పదకొండేళ్ళుగా మడిచేది నేనే కాబట్టి. తణుకులో కింద మా చీరల కొట్టు, పైన ఇల్లు. పొద్దున కుక్కర్ మూడో కూత వేసేలోపు పన్నెండు పార్సిళ్ళు కట్టి అడ్రసు చీటీలు అంటించాలి. ఆ రోజు ఏడో చీటీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రామలక్ష్మి, మొగల్తూరు. మా అమ్మ.

ఎర్రంచు పసుపు పట్టు, అమ్మవారికి కట్టే రకం. అమ్మ మా కొట్టులో చీర కొనుక్కోవడమేంటి, నన్నడగకుండా? అడగడానికైనా నా దగ్గర ఫోనెక్కడిది! నా నంబరు ఇప్పుడు నాది కాదు. "నీకు మీ అమ్మ తప్ప ఎవరు చేస్తారు పరమేశ్వరీ? కస్టమర్లందరికీ అలవాటైన నంబరు, కొట్టుకే ఉంచేద్దాం" అని మా ఆయన మహేంద్ర తీసేసుకున్నారు. నాలుగు నెలల క్రితం ఇంకో మాట చెప్పారు. నేను కస్టమర్లకి పంపిన వాయిస్ మెసేజీలన్నీ ఏదో కంపెనీకి ఇచ్చారట. ఇక కంప్యూటరే ఫోనెత్తి నా గొంతుతో మాట్లాడుతుందట. "నీకు శ్రమ తగ్గుతుంది" అన్నారు. తగ్గలేదు, పార్సిళ్ళు పెరిగాయి. "ఆ ఫోన్లో పిల్లే నయం, విసుక్కోదు" అని అత్తగారు నవ్వితే నేనూ నవ్వాను. ఈ ఇంట్లో నవ్వాల్సినప్పుడు నవ్వడం కూడా నా పనే.

మొదటిసారి ఆ గొంతు విన్న రోజు గుర్తుంది. కాఫీ ట్రేతో కిందికి దిగుతున్నాను. "బాగున్నారా అండీ? పాప పరీక్షలు బాగా రాసిందా?" అని కొట్టులోంచి నేను అడుగుతున్నాను. నా నోరు మూసే ఉంది. మెట్టు మీద అలాగే నిలబడి పెదాలు తడిమి చూసుకున్నాను.

ఇప్పుడు ఆ చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాను. ఆయన ఇంకా స్నానంలో ఉన్నారు. కొట్టు ఫోన్లో కాల్స్ అన్నీ రికార్డవుతాయి. అమ్మ నంబరు వెతికాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి, అరగంట, ముప్పావుగంట, నాలుగు నెలలుగా. నెల క్రితం ఆయన ఫోన్ నుంచి నేను చేస్తే అమ్మ "నిన్న అంతసేపు మాట్లాడుకున్నాం కదే, మళ్ళీ ఏంటి?" అంది. వయసు మీద పడింది, మరుపనుకున్నాను. నేనెంత గుడ్డిదాన్ని!

చివరి కాల్ పెట్టి విన్నాను.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా. నీ మోకాలు ఎలా ఉంది? నూనె రాసుకున్నావా?"

అమ్మకి మోకాలు నొప్పని నాకు తెలియదు. నా గొంతుకి తెలుసు. నేనెప్పుడు మాట్లాడినా భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, "పోపు మాడిపోతోందమ్మా, ఉంటాను" అనేదాన్ని. ఈ ఫోన్లో ఆమెకి పొయ్యి లేదు, పిలిచే అత్తగారు లేరు. అమ్మ చెప్పేదంతా చివరిదాకా వింటోంది. మధ్యమధ్యలో "ఊఁ" కొడుతోంది, అచ్చం నాలాగే.

"నీ పెళ్ళయిన ఏడాదే మొక్కుకున్నానే" అంటోంది అమ్మ. "నా కూతురికి నాతో కూర్చుని మాట్లాడే తీరిక దొరికితే పట్టుచీర పెడతానని కన్యకాపరమేశ్వరమ్మకి మొక్కాను. నీ పేరు గల తల్లి కదా, ఇన్నాళ్ళకి విన్నది. ఆ ఇంట్లో సుఖపడుతున్నావు, నాకింకేం కావాలి."

"చాలా సంతోషమమ్మా" అంది నా గొంతు. "ఎర్రంచు పసుపుది కొత్తగా వచ్చింది, పంపించనా?"

 ఫోన్ బల్ల మీద పడేశాను.

"పార్సిళ్ళు అయ్యాయా?" అంటూ ఆయన తల తుడుచుకుంటూ దిగారు.

"మా అమ్మ రోజూ ఫోన్ చేస్తోందని మీకు తెలుసా?"

"తెలుసు. మంచిదేగా. ఆవిడ సంతోషంగా ఉన్నారు, నీ పనీ ఆగట్లేదు. నిజం చెప్పు, నువ్వు మాట్లాడితే అంత ఓపిగ్గా మాట్లాడతావా?" తువ్వాలు భుజాన వేసుకుని, "ఇప్పుడు చెప్పావంటే ఆవిడ తట్టుకోలేరు" అన్నారు.

అంత ఓపిగ్గా నేను మాట్లాడను. అది నిజం, అందుకే అంత మండింది. పైకి వెళ్ళి పొయ్యి ఆర్పేశాను. కూర సగం ఉడికే ఉంది. ఏడో పార్సిల్ చంకలో పెట్టుకుని చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికి? కొరియర్ అతను వస్తాడుగా. మరి వంట?"

పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన ప్రశ్నకి జవాబు చెప్పకుండా గడప దాటాను.

పన్నెండు దాటాక గానీ దొరకని నరసాపురం బస్సు దారంతా ఆగుతూ పోయింది. మధ్యలో ఎక్కడో టైరు మార్చారు. ఏం చెప్పను అమ్మకి? అది నేను కాదంటే, నాలుగు నెలలుగా ఆమెకి దక్కిన కూతుర్ని లాగేసుకున్నట్టే. చెప్పకపోతే ఆ చీర అమ్మవారి ఒంటి మీదికి వెళుతుంది, లేని నా తీరికకి మొక్కుగా. పైగా అమ్మకి ఆ ఫోన్లో ఆమే ఎక్కువ నచ్చితే? ఆ భయంతోనే మొగల్తూరులో ఆటో దిగాను.

మూడు దాటింది. అరుగు ఎక్కేసరికి లోపల నేను నవ్వుతున్నాను.

వాకిలి తలుపు తీసే ఉంది. అమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని, ఆ నవ్వుకి తనూ నవ్వుతోంది. మా అమ్మ అలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. నా నీడ మంచం మీద పడింది. తలెత్తి, కళ్ళు చికిలించి చూసింది. కళ్ళజోడు పెట్టుకోలేదు, నా వెనక ఎండ.

"ఉండు తల్లీ, గుమ్మంలో ఎవరో వచ్చారు" అంది ఫోన్లోకి.

"ఎవరమ్మా?" అంది నా గొంతు.

అమ్మ నోరు తెరిచేలోపు నేనే చెప్పాను.

"నేనమ్మా. పొయ్యి ఆర్పేసి వచ్చాను."